యూనిఫాం విడిచిన తరువాత

భారత సైన్యంలో వైద్య, నర్సింగు శాఖలకు వెలుపల అధికారులుగా పనిచేసే అవకాశం స్త్రీలకు 1992లో లభించింది. ఐదేళ్లతో మొదలైన వారి సర్వీసు పరిమితి క్రమంగా పద్నాలుగేళ్లకు పెరిగింది. అయితే అధికారులకు పింఛను అర్హత ఇరవై ఏళ్ల సర్వీసుతో గాని రాదు. ఫలితంగా ఎందరో మహిళాధికారులు నలభై ఏళ్లయినా నిండకముందే, పింఛను లేకుండా సైన్యాన్ని విడిచి వచ్చారు. పర్మనెంట్ కమిషన్‌కు స్త్రీలను కూడా పరిగణించి తీరాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అప్పటికే బయటకు వచ్చినవారికి మాత్రం మరొక జీవనోపాధి వెతుక్కోవడం తప్పలేదు.

అటువంటివారికి సొంత వ్యాపారం తగినదనడానికి బలమైన కారణాలున్నాయి. మంచు కురిసి కొండదారులు మూసుకుపోకముందే శిబిరాలకు శీతాకాలపు సరుకంతా చేర్చే విభాగంలో పనిచేసిన వ్యక్తికి నిల్వ, రవాణా, లెక్కల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. వాహనాల మరమ్మతు చేయించిన అధికారికి పనివారిని నడిపించడం తెలుసు. సర్వీసు విడిచే అధికారులకు మేనేజ్‌మెంటు విద్యాసంస్థలలో శిక్షణ ఇప్పించే ఏర్పాటు కూడా ఉన్నది. లోటంతా పెట్టుబడి దగ్గరనే. శౌర్యపతకాన్ని తాకట్టు పెట్టుకునే బ్యాంకు ఎక్కడా లేదు; అది అడిగేది భూమి పట్టా, ఇంటి దస్తావేజు. అవి సాధారణంగా తండ్రి పేరనో భర్త పేరనో ఉంటాయి. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమాన వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో ఆ హక్కు దేశమంతటా వచ్చింది. అయినా పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో ఆ వాటాను అన్నదమ్ములకు వ్రాసి ఇచ్చే ఆడపడుచులు నేటికీ ఉన్నారు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం ఈ సమస్యను మరింత చిన్న వయస్సుకు తెచ్చింది. మహిళా అగ్నివీరులు నాలుగేళ్ల సేవ ముగించేసరికి ఇంకా చిన్న వయస్సువారే. పథకం నిబంధనల ప్రకారం నాలుగోవంతుకు మించి దళాలలో కొనసాగరు. మిగిలినవారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, దాదాపు 11.71 లక్షల రూపాయల సేవానిధి చేతికి వస్తుంది. వడ్డీ పోగా మిగిలే అసలులో సగం వారి జీతం నుండి నెలనెలా కోత పడినదే.

ఆ సొమ్మును చూడగానే ఇంటి పెద్దలకు కుమార్తె పెళ్లి గుర్తుకు రావడం సహజం. అక్కడనే ప్రమాదమున్నది. కట్నాన్ని 1961 నాటి చట్టం నిషేధించింది. ఎండలో, వానలో కవాతు చేసి కూడబెట్టిన ధనం వరుని ఇంటికి చేరితే, ఆమె తన కట్నాన్ని తానే సంపాదించుకున్నట్లవుతుంది. అదే ధనంతో ఒక డ్రైవింగు పాఠశాల గాని, విత్తనాల దుకాణం గాని, పంపుసెట్ల మరమ్మతు కేంద్రం గాని వెలస్తే నలుగురికి పని దొరుకుతుంది.

ఉద్యోగం ఇవ్వలేని ప్రభుత్వానికి వ్యాపారం చేసుకొమ్మనడం సులభమని విమర్శించేవారున్నారు. ఆ విమర్శ కొట్టివేయదగినది కాదు. చిన్న వ్యాపారాలు మూతపడటం అరుదేమీ కాదు. అందుచేత సేవానిధి మొత్తాన్ని ఒకేసారి వ్యాపారంలో పెట్టడం అవివేకం. సగం బ్యాంకులో నిలవ ఉంచి, మిగిలిన దానికి హామీ అడగని ముద్ర ఋణాన్ని జోడించుకోవడం మేలు. ఆ పథకం 2015 నుండి అమలులోకి వచ్చింది. దుకాణం అద్దె పత్రం, లైసెన్సు, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా మొదటి రోజు నుండి ఆమె పేరననే ఉండాలి. వివాహమైన తరువాత కూడా వాటిని మరొకరి పేరనకు మార్చనక్కరలేదు.