దరఖాస్తు ఫారాన్ని ఎవరి పేరుతో పరీక్షించిన్రు?

ఆలేరు నుంచి హాస్టల్ పిల్లలం రాస్తున్నం. పోస్టు పొడుగే ఉంటది. కానీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు అన్నీ వెబ్‌సైట్ల మీదనే నడిచే కాలం ఇది, కాబట్టి చివరిదాకా చదవండ్రి.

మన గ్రూపులో టెస్టింగ్ గురించి రెండు మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నయి. ఒకటి, "కోడింగ్ రానోళ్లు టెస్టింగ్‌లోకి పోండ్రి, అల్కగ ఉంటది" అని. రెండోది, "ఏఐ వచ్చినంక టెస్టింగ్ పని ఎవరికి కావాలె" అని. ఈ రెండు మాటలూ టెస్టింగ్‌ను మిగిలిపోయిన పని లెక్క చూస్తున్నయి. మా అభిప్రాయం వేరు. వెబ్‌సైట్ సరిగ్గ పనిచేయకపోతే ముందుగాల నష్టపోయేది మనమే. అందుకే దాన్ని ఎట్ల పరీక్షిస్తరో మనకు తెల్వాలె, ఆ పరీక్షలో మన వివరాలు కూడా ఉండాల్నని అడగాలె.

ముందు ఆ పని ఏందో చెప్తం. ఆన్‌లైన్ సెంటర్‌లో అన్న మన ఫారం నింపుతడు గద. బ్రౌజర్ తెరుస్తడు, పేరు కొడ్తడు, కులం ఎంచుకుంటడు, ఆదాయ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తడు, సబ్మిట్ నొక్కుతడు, అప్లికేషన్ నంబర్ వచ్చిందా లేదా చూస్తడు. ఇదే పనిని మనిషికి బదులు ఒక ప్రోగ్రాం చేస్తే దాన్నే ఆటోమేటెడ్ యూఐ టెస్టింగ్ అంటరు. ప్రోగ్రాం నిజం బ్రౌజర్‌నే తెరుస్తది. పేరు పెట్టె ఎక్కడున్నదో ఒక గుర్తుతో వెతుకుతది, ఆ గుర్తును లొకేటర్ అంటరు. పేజీ వచ్చేదాకా ఆగుతది, దాన్ని వెయిట్ అంటరు. ఆఖరికి నంబర్ వచ్చిందా అని సరిచూస్తది, దాన్ని అసర్షన్ అంటరు. అసర్షన్ లేకుంటే అది టెస్టే గాదు, ఊరికే బటన్లు నొక్కుడు.

మనిషి చేస్తే పది నిమిషాలు పట్టేది మిషన్ నిమిషంలోపు చేస్తది. వెబ్‌సైట్‌లో చిన్న మార్పు చేసిన ప్రతిసారి, రాత్రిపూట కూడా, వంద ఫారాలు నింపి పొద్దుగాల లేచేసరికి ఏది పాసైందో ఏది ఫెయిలైందో చూపిస్తది.

దీని చరిత్ర కూడా తెలుసుకునేటట్టే ఉన్నది. 2004లో అమెరికాలోని షికాగోలో థాట్‌వర్క్స్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ అనే ఇంజనీరు, తమ ఆఫీసు లోపల వాడుకునే ఒక వెబ్ అప్లికేషన్‌ను చేత్తో పరీక్షించి పరీక్షించి విసిగిపోయి ఒక టూల్ రాసుకున్నడు. అదే సెలీనియం. అప్పట్లో ఈ రంగంలో మెర్క్యురీ కంపెనీ టూల్స్‌దే రాజ్యం, వాటి లైసెన్సులు చానా ఖరీదు. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడని నవ్వులాటకు ఆ పేరు పెట్టిన్రు. తర్వాత సైమన్ స్టీవర్ట్ తయారుచేసిన వెబ్‌డ్రైవర్ అందులో కలిసింది. 2018 జూన్‌లో ఆ వెబ్‌డ్రైవర్ పద్ధతినే వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ అధికారిక ప్రమాణంగా ఒప్పుకున్నది. 2020లో మైక్రోసాఫ్ట్ ప్లేరైట్ అనే ఇంకో టూల్ విడుదల చేసింది. సెలీనియం గానీ ప్లేరైట్ గానీ రూపాయి లేకుండ దొరుకుతయి. లైసెన్సు కొనే స్తోమత లేని మనలాంటోళ్లకు ఇది చిన్న సంగతి గాదు.

ఇగ అసలు విషయానికొద్దాం. మిషన్ మనం చెప్పిందే పరీక్షిస్తది. ఏ పేరు ఇస్తే ఆ పేరే కొడ్తది, ఏ ఊరు ఇస్తే ఆ ఊరే ఎంచుకుంటది. పట్నంలో ఏసీ రూములో కూసున్న టీం ఇంటిపేరు, సొంత పేరు చక్కగ ఉన్న పిల్లగానితోని, మంచి నెట్‌తోని, పెద్ద స్క్రీన్ మీద పరీక్షిస్తే అన్ని టెస్టులూ పాసైతయి. రిపోర్టు మొత్తం పచ్చగ ఉంటది. జూన్ నెలలో మన తండా పిల్ల ఆన్‌లైన్ సెంటర్ ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఎర్ర అక్షరాలొస్తయి.

మనకు వచ్చే చిక్కులు ఎట్లుంటయో చూడండ్రి.

మొదటిది పేరు. ఆధార్‌లో బానోత్ అని ఉంటది, పదో తరగతి మెమోలో బానోతు అని ఉంటది. ఇంగ్లీషులో రాస్తే ఆఖరుకు ఒక్క అక్షరమే తేడా. ఒక్కో పిల్లకు ఒకటే పేరుంటది, ఇంటిపేరు పెట్టె ఖాళీగ ఉంటే ఫారం ముందుకు పోదు.

రెండోది ఊరు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడదీసినప్పుడు మన ఆలేరు నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాకు వచ్చింది. పాత సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, కొత్తదాని మీద ఇంకో జిల్లా. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని చానా తండాలు సొంతంగ గ్రామ పంచాయతీలైనయి. అది మన పెద్దోళ్లు ఏండ్ల తరబడి అడిగి తెచ్చుకున్నది. కానీ ఒక వెబ్‌సైట్ లిస్టులో పాత రెవెన్యూ గ్రామం పేరే ఉండి, సర్టిఫికెట్ మీద తండా పేరుంటే ఏది ఎంచుకోవాలె? కొట్లాడి తెచ్చుకున్న పంచాయతీ పేరు ఆ లిస్టులో లేకుంటే, ఆ ఫారం లెక్కలో మన ఊరు లేనట్టే.

మూడోది ఇల్లు. తండ్రి లేని పిల్లలున్నరు, తల్లిదండ్రులు పనికోసం వలసపోతే అమ్మమ్మ దగ్గర పెరిగేటోళ్లున్నరు. తండ్రి ఆధార్ నంబర్ తప్పనిసరి అని పెట్టినోళ్లు ఇట్లాంటి పిల్ల ఒకతి ఉంటదని అనుకున్నట్టు లేరు.

నాలుగోది ఫోన్. ఓటీపీ పోయే నంబర్ నాన్న దగ్గర ఉంటది, నాన్న చేను కాడ ఉంటడు. ఆయన ఫోనెత్తి నంబర్ చెప్పేలోపు టైం అయిపోయి పేజీ మొదటికి వస్తది.

ఐదోది నెట్. సబ్మిట్ నొక్కితే పేజీ తిరుగుతనే ఉంటది, ఇంకోసారి నొక్కుతం. అప్పుడు రెండు దరఖాస్తులు పడాల్నా, ఒకటే పడాల్నా? ఫీజు రెండుసార్లు కట్ అయితే ఎవరిని అడగాలె?

పరీక్షించేటోళ్ల దృష్టిలో ఇవన్నీ ఒక్కొక్కటి ఒక టెస్ట్ కేసు. టెస్టు ఒకసారి రాసి, పేర్లు, ఊర్లు, వివరాలు ఒక షీటులో పెడితే మిషన్ ఒక్కో వరుస తీసుకొని మళ్లీ మళ్లీ ఫారం నింపుతది. అంటే మన చిక్కును పరీక్షలో చేర్చుడు కష్టమేం గాదు, షీటులో ఇంకో వరుస రాసుడే. ఆ వరుస రాయాల్నని తెలిసినోడు ఆ రూములో ఉన్నడా లేడా అన్నదే ప్రశ్న.

పరీక్ష సరిగ్గ లేకుంటే ఏమైతదో మన రాష్ట్రం చూసింది. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలొచ్చినయి. తెలుగులో 99 మార్కులొచ్చిన పిల్లకు సున్నా పడ్డది. అది వెబ్ పేజీ తప్పు గాదు, మార్కులు గుండ్రాలలో దిద్దేకాడ మనిషి చేసిన పొరపాటు. కానీ మిగతా పేపర్లలో మంచి మార్కులున్న పిల్లకు మాతృభాషలో సున్నా వస్తే, ఫలితం బయటికి పోకముందే ఎక్కడో ఒకకాడ ఆగి "ఇది నిజమేనా?" అని అడిగే ఏర్పాటు ఉండాలె గద. ఆ ఫలితాల తర్వాత పిల్లల ప్రాణాలు పోయినయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైనోళ్లందరి పేపర్లు ఉచితంగ మళ్లీ చూపించింది. పరీక్ష ముందు జరగాల్సింది, తర్వాత జరిగింది.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోవద్దు. అమెరికా ప్రభుత్వం 2013 అక్టోబర్ 1న ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టింది. మొదటి రోజు దాంట్లో నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురే. మొదటి నుంచి చివరిదాకా కలిపి పరీక్షించింది ఆఖరి రెండు వారాల్లోనే అని కాంట్రాక్టర్లు అక్కడి పార్లమెంటు కమిటీ ముందు చెప్పిన్రు. పైసలు లేక గాదు, తెలివి లేక గాదు, పరీక్షను చివరికి నెట్టినందుకే ఆ గతి పట్టింది.

అట్లని ఆటోమేషన్ పెడితే అన్నీ బాగైతయని మేం అంటలేం. స్క్రీన్ మీద నడిచే టెస్టులు నెమ్మది, నాజూకు. బటన్ గుర్తు మారితే టెస్టు ఫెయిలైతది, వెబ్‌సైట్ మాత్రం బాగనే ఉంటది. ఈరోజు పాసై రేపు కారణం లేకుండ ఫెయిలయ్యే టెస్టులను ఎవరూ నమ్మరు. అందుకే లోపలి లెక్కలను చిన్న చిన్న టెస్టులతోని ఎక్కువగ, స్క్రీన్ మీదియి తక్కువగ రాసుకోవాల్నని అనుభవం ఉన్నోళ్లు చెప్తరు. ఇంకోటి, ప్రోగ్రాంకు ఊరు పేరు తప్పని తెల్వదు. లిస్టులో తండా పేరు లేకుంటే, లేని పేరు అడగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి టెస్టు పాస్ అనే అంటది.

ఏఐ మాటకు కూడా మా జవాబు ఇదే. టెస్టు మెట్లు ఇప్పుడు ఏఐ రాస్తది, నిజమే. బటన్లు నొక్కుడు మాత్రమే నేర్చుకున్నోళ్లకు కష్టకాలమే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోర్సుల బోర్డులు చూసి ఫీజు కట్టే ముందు ఇది ఆలోచించాలె. రికార్డ్ నొక్కి ప్లే నొక్కే కోర్సు వద్దు. పైథాన్‌నో జావానో ఒకటి గట్టిగ పట్టుకోండ్రి, వెబ్ పేజీ లోపల ఎట్ల కట్టి ఉంటదో నేర్చుకోండ్రి. ఇంట్ల చదువుకున్నోళ్లు లేకున్నా, లాప్‌టాప్ నలుగురికి ఒకటే ఉన్నా, కాలేజీ ల్యాబులో దీన్ని మొదలుపెట్టొచ్చు. సాస్‌డెమో లాంటి అభ్యాసం కోసమే పెట్టిన వెబ్‌సైట్లున్నయి, వాటి మీదనే చెయ్యాలె. నడుస్తున్న ప్రభుత్వ పోర్టల్ మీద ప్రోగ్రాం తోలొద్దు. దాంతోని అసలు దరఖాస్తుదారులకు ఇబ్బంది, మనకు కేసు.

కోడింగ్ నేర్చుకోనోళ్లు కూడా చేసే పనులు మూడున్నయి.

ఒకటి, ఈసారి ఎవరి ఫారం ఎక్కడ ఆగినా ఊకె "సైట్ పనిచేస్తలేదు" అని గ్రూపులో పెట్టొద్దు. ఏ పేజీ, ఏం కొట్టినం, ఏం రావాలె, ఏమొచ్చింది, ఏ ఫోను, ఏ బ్రౌజర్, ఏ తేదీ ఎన్ని గంటలకు అని రాయాలె, స్క్రీన్‌షాట్ జోడించాలె. ఆధార్ నంబర్, ఫోన్ నంబర్ మాత్రం చెరిపేసి పెట్టాలె. కంపెనీల్లో దీన్నే బగ్ రిపోర్ట్ అంటరు, ఇది మంచిగ రాసేటోళ్లకు విలువుంటది.

రెండు, అట్ల జమ చేసినవాటిని ఒక్క కాగితం చేసి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇయ్యాలె. ఒక్కరు పోయి చెప్తే "మళ్లీ ట్రై చెయ్యి బిడ్డా" అంటరు. ఒకే చిక్కుతోని ఇరవై మంది పేర్లున్న కాగితానికి రసీదు ఇయ్యాల్సొస్తది.

మూడు, 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలె. కేంద్ర ఐటీ శాఖ కింద ఎస్‌టీక్యూసీ అనే సంస్థ ఉన్నది, ప్రభుత్వ వెబ్‌సైట్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎట్లుండాల్నో మార్గదర్శకాలు 2009లోనే వచ్చినయి, 2023లో మూడో వెర్షన్ వచ్చింది. కాబట్టి మన ప్రశ్నలు ఇవి: ఈ పోర్టల్‌కు ఆ సర్టిఫికెట్ ఉన్నదా? మొదలుపెట్టే ముందు ఏయే టెస్ట్ కేసులు నడిపిన్రు? గ్రామాల లిస్టులో కొత్త తండా పంచాయతీలను ఎప్పుడు చేర్చిన్రు? ఫీజు పది రూపాయలు. జవాబు వచ్చినా, రాకపోయినా మనకు ఒక సంగతి తెలుస్తది.

కొందరు అన్నలు అనొచ్చు, "భూముల సమస్యలున్నయి, ఉద్యోగాల సమస్యలున్నయి, ఈ బటన్ల గోల ఎందుకు" అని. మంచి ప్రశ్నే. కానీ భూమి కాగితమైనా, డిగ్రీ సీటైనా, స్కాలర్‌షిప్ అయినా ఇప్పుడు ఒక స్క్రీన్ దాటి రావాల్సిందే. డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ వెబ్‌సైట్ మీదనే నడుస్తున్నయి. చట్టంలో ఉన్న హక్కు డ్రాప్‌డౌన్‌లో లేకుంటే, చివరి తేదీ దాటినంక దాన్ని చట్టం చూపించి తెచ్చుకునుడు ఒక్క పిల్లతోని అయ్యే పని గాదు.

మా హాస్టల్ నుంచి ఆ షీటు మేం మొదలుపెడుతున్నం. పేరు, ఊరు, ఇల్లు, ఫోను, నెట్ అని పైన చెప్పిన ఐదు రకాలకు ఐదు వరుసలు పెట్టినం. దేవరకొండ, అచ్చంపేట, మహబూబ్‌నగర్ దిక్కు ఉన్నోళ్లు మీ దగ్గర వచ్చే చిక్కులు కింద రాయండ్రి. చెంచు, ఎరుకల తమ్ముళ్లు చెల్లెళ్లు కూడా రాయండ్రి, మీ ఇంటి సంగతులు మాకు తెల్వయి. టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్న సీనియర్లు ఎవరన్న ఉంటే ఆ వరుసలు సరిగ్గున్నయో లేదో చూసి చెప్పుండ్రి.