నాలుక మాట పెడచెవిన పెట్టకండి

కొన్నేళ్ళ క్రితం నాకు పరిచితులైన ఒక గృహస్థు ఉదయాన్నే సొరకాయ రసం సేవించి, గంట గడవకముందే వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఆసుపత్రిలో మూడు దినాలుండి కోలుకున్నారు. పరామర్శకు వెళ్ళిన నాతో, "రసం విపరీతమైన చేదండీ. చేదంతా ఔషధమని మీరే కదా సెలవిస్తుంటారు! ముక్కు మూసుకొని తాగేశాను" అన్నారు. ఆ మాట నేటికీ నన్ను బాధిస్తున్నది. తిక్తరసాన్ని ప్రశంసించే నావంటి వైద్యులు, నాలుక చేసే హెచ్చరికను గురించి కూడా చెప్పవలసి ఉండినది.

ఆహారం లాలాజలంలో కరిగినప్పుడే రుచి తెలుస్తుంది. నాలుకయందుండి రసజ్ఞానం కలిగించే కఫాన్ని వాగ్భటుడు బోధక కఫమన్నాడు. ఆధునికులు నాలుకపై సూక్ష్మమైన రుచి కళికలను, ఒక్కొక్క కళికలో సుమారు 50 నుండి 100 కణాలను గుర్తించారు. తీపిని పసిగట్టే గ్రాహకం ప్రధానంగా ఒక్క రకమే. చేదుకు మాత్రం సుమారు 25 రకాలున్నాయి. ఎందుకీ పక్షపాతం? మొక్కలలోని విషాలలో అనేకం చేదైనవి. తీపి ఆహారానికి ఆహ్వానం. చేదు గడప వద్ద కావలివాని కేక. పసివాడు చేదును ఉమ్మివేయడం మొండితనం కాదు, ఆత్మరక్షణ.

నాలుక కొన తీపికి, మూలం చేదుకు అని పాఠశాలలో చిత్రపటం చూసే ఉంటారు. 1901లో జర్మనీలో హేనిగ్ ప్రచురించిన పరిశీలనలను తరువాతివారు అపార్థం చేసుకోగా వ్యాపించిన పొరపాటది. రుచి కళికలున్న ప్రతి భాగమూ అన్ని రుచులనూ గ్రహిస్తుంది. కావున చిన్న ముక్కను నాలుక కొనకు తాకించినా చేదు తెలియగలదు.

"అట్లయితే కాకరకాయ, వేపపువ్వు మానవలెనా?" అని అడుగవచ్చు. అక్కరలేదు. కాకర స్వభావమే చేదు. తరతరాలుగా మితంగా తిని ఎరుగుదుము. సొరకాయ స్వభావం మధురం. అది చేదెక్కిందంటే కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు అందులో పెరిగాయన్నమాట. చేదుసొరను చరకుడు కల్పస్థానంలో ఇక్ష్వాకువనే పేరుతో వమన ద్రవ్యంగా, అనగా వాంతి చేయించే మందుగా చెప్పాడు. వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన అట్టి ద్రవ్యాన్ని గ్లాసు నిండుగా తాగి ఆరోగ్యం కోరడం శాస్త్రవిరుద్ధం.

రసం తీయడానికి ముందు చిన్న ముక్కను రుచి చూడండి. చేదనిపిస్తే ఉమ్మివేసి, కాయను పారవేయండి. తేనె, నిమ్మరసం, ఇతర రసాలు కలిపి చేదును కప్పిపుచ్చవద్దు. ఉడికించినంత మాత్రాన ఆ విషం పోతుందని నమ్మవద్దు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు 2012లో ప్రచురించిన నివేదికలోనూ చేదు సొరరసం తాగరాదనే హెచ్చరించారు. పొరపాటున తాగి వాంతులు మొదలైతే, చిట్కాలతో కాలయాపన చేయక, నావంటి వైద్యుని కోసం వేచి ఉండక, తక్షణం ఆసుపత్రికి చేరండి.

నాలుకకు దాసులు కావద్దని పెద్దలన్నారు. నేనూ అదే అంటాను. కాని కావలివాని నోరు నొక్కి దొంగను లోనికి రానివ్వడం ఇంద్రియనిగ్రహం కాదు.