ధూళిమిట్ట ఆడవాళ్ళకి కమిషనర్ కాదు, ఎస్సై కావాలి

పోలీసుల్లో ఆడవాళ్ళ సంగతి ఎత్తితే చాలు, మా ఫ్రెండ్స్ వెంటనే అనే మాట: "మీ సిద్దిపేటకి లేడీ కమిషనర్లే వచ్చారు కదా, ఇంకేం కావాలిరా?" నిజమే, వచ్చారు. 2016 అక్టోబర్లో జిల్లాతో పాటే కమిషనరేట్ కూడా పుట్టింది. ఆ తర్వాత ఎన్. శ్వేత గారు, 2024లో బి. అనురాధ గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. సంతోషమే. కాకపోతే ధూళిమిట్ట మండలంలో ఎవరైనా ఒకావిడ, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని చెప్పుకోవాలంటే తిన్నగా కమిషనర్ ఛాంబర్‌కి పోదు కదండీ. దగ్గర్లో ఉన్న ఠాణాకి పోతుంది. అక్కడ టేబుల్ వెనకాల కూర్చున్న మనిషి ఎవరో, ఆవిడకి సంబంధించినంత వరకు పోలీస్ డిపార్ట్‌మెంట్ అంటే అదే.

మా వైపు జనానికి ఠాణా మెట్లెక్కడం అంటే మామూలు విషయం కాదు. పక్కనే బైరాన్‌పల్లి ఉంది. 1948 ఆగస్టు 27న రజాకార్లూ, నిజాం బలగాలూ కలిసి ఊరి మీద పడి చేసిన ఘోరానికి అక్కడి బురుజు ఇప్పటికీ సాక్ష్యం. ఆ తర్వాత సర్కార్లు మారాయి, టోపీలు మారాయి. "పోలీసోళ్ళొచ్చిన్రు" అనే మాట వినగానే ముసలాళ్ళ మొహంలో వచ్చే మార్పు మాత్రం పోలేదు. పట్నం సంగతి వేరేలా ఏం లేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక పేద మహిళకి జరిగిన అన్యాయం, దాని మీద జస్టిస్ ముక్తదర్ కమిషన్, ఇవన్నీ అప్పటి పేపర్లు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. అలాంటి చోటికి ఒక ఆడమనిషి ధైర్యం చేసి వచ్చిందంటే, అప్పటికే ఆమె సగం యుద్ధం చేసి వచ్చిందన్నమాట.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చూద్దాం. అత్యాచారం లాంటి నేరాల్లో బాధితురాలి ఫిర్యాదుని మహిళా అధికారే రాసుకోవాలి. 2013 నుంచీ ఉన్న రూలే ఇది, 2024 జులైలో వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది. పొద్దుగూకాక, తెల్లారక ముందు ఆడవాళ్ళని అరెస్ట్ చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారే, మేజిస్ట్రేట్ అనుమతి తీసుకుని మరీ చెయ్యాలి. పోక్సో చట్టమైతే ఇంకో మెట్టు ఎక్కింది. పిల్లల వాంగ్మూలం ఎస్సై ర్యాంకుకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలంది, కాకపోతే "సాధ్యమైనంత వరకు" అని ఒక తోక తగిలించింది. ఆ తోక పట్టుకునే మన డిపార్ట్‌మెంట్ ఈదుతోంది. మా భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం రాశారు, రిలీజ్ చేశారు, అది నడవడానికి కావలసిన లైబ్రరీని మాత్రం ఇన్‌స్టాల్ చెయ్యడం మర్చిపోయారు. ఎర్రర్ వచ్చినప్పుడల్లా "రేపు రామ్మా" అని మెసేజ్ ఇస్తారు.

ప్రతి స్టేషన్లో కనీసం ముగ్గురు మహిళా ఎస్సైలు, పదిమంది మహిళా కానిస్టేబుళ్ళు ఉండాలని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకి ఉత్తరం రాసింది 2013లో. ఎందుకా నంబర్ అంటే, మహిళా హెల్ప్ డెస్క్ రాత్రీ పగలూ నడవాలంటే షిఫ్టులకి అంతమంది కావాలి కాబట్టి. మీ మండలం స్టేషన్‌కి వెళ్ళి ఓసారి లెక్క పెట్టి చూడండి. నేను చెప్పక్కర్లేదు. ముగ్గురు ఎస్సైలా? ఆడా మగా కలిపి లెక్క పెట్టినా ఆ సంఖ్య రాని ఠాణాలు ఉంటాయి పల్లెల్లో.

"33 శాతం రిజర్వేషన్ ఇచ్చాం కదా" అంటారు సర్కారు వారు. ఇచ్చారు, కాదనను. తెలంగాణలో సివిల్ పోలీస్ రిక్రూట్‌మెంట్‌లో మూడో వంతు ఆడవాళ్ళకి. ఆర్మ్‌డ్ రిజర్వ్‌కి వచ్చేసరికి పది శాతం. స్పెషల్ పోలీస్ బెటాలియన్లకి? 2022 నోటిఫికేషన్ తీసి చూడండి, కానిస్టేబులైనా ఎస్సైఐనా బ్రాకెట్లో "మెన్" అనే ఉంటుంది. తమాషా ఏంటంటే, 2023లో ఆ బెటాలియన్లకి బాస్‌గా వచ్చింది స్వాతి లక్రా గారు. అంటే బెటాలియన్‌ని నడపడానికి ఆడది పనికొస్తుంది, అందులో తుపాకి పట్టుకుని నిలబడడానికి మాత్రం పనికిరాదు! ఈ లాజిక్ ఏ కంపైలర్‌కీ అర్థం కాదు.

అసలు రోగం ఇక్కడే ఉంది. మన దగ్గర పైన నలుగురు కనిపిస్తారు, కింద వేలమంది కనిపిస్తారు, మధ్యలో ఖాళీ. ఆ నలుగురిలో ఎక్కువమంది యూపీఎస్సీ అనే వేరే దారిలో వచ్చినవాళ్ళు. మన కేడర్‌కి చెందిన అరుణా బహుగుణ గారు 2014లో హైదరాబాద్ నేషనల్ పోలీస్ అకాడమీకి తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు. అంత పేరున్న కేడర్ మనది. ఐనా రాష్ట్రం విడిపోయిన 2014 నుంచి 2025 చివరి దాకా అటు ఆంధ్రాలో గానీ ఇటు తెలంగాణలో గానీ పోలీస్ దళానికి అధిపతిగా ఒక్క మహిళని కూడా కూర్చోబెట్టలేదు. ఉత్తరాఖండ్ ఆ పని 2004లోనే చేసింది.

ఇక మధ్యలో సంగతి. హైదరాబాద్ నగర పోలీస్ 1847 నుంచి ఉందని చెప్పుకుంటారు. అందులో ఒక మామూలు లా అండ్ ఆర్డర్ స్టేషన్‌కి మహిళ ఎస్‌హెచ్‌ఓ అవ్వడానికి 2022 మార్చి దాకా ఆగాల్సొచ్చింది. లాలాగూడలో మధులత గారు. అది కూడా మహిళా దినోత్సవం నాడు, ఫోటోలతో. దేశం లెక్క కూడా ఇలాగే ఏడ్చింది. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం పోలీసుల్లో ఉన్న రెండు లక్షల నలభై వేల మంది ఆడవాళ్ళలో తొంభై శాతం కానిస్టేబుల్ కేడరే. ఐపీఎస్ వాళ్ళు వెయ్యి మంది కూడా లేరు. పోక్సోకి కావలసింది ఎస్సై, మన దగ్గర ఉన్నది కానిస్టేబుల్. అర్థమైంది కదా ఆ "సాధ్యమైనంత వరకు" ఎందుకు పెట్టారో?

ఎస్సైగా సెలెక్ట్ అయిన అమ్మాయిలైనా ఎక్కడికి పోతున్నారు? షీ టీమ్స్, భరోసా, మహిళా ఠాణా, కంట్రోల్ రూమ్, రిసెప్షన్. షీ టీమ్స్‌ని నేను తక్కువ చెయ్యను. 2014 అక్టోబర్లో మొదలైనప్పటి నుంచీ బస్టాపుల దగ్గర తేడా వచ్చిందని మా చెల్లెళ్ళే చెప్తారు. కానీ ఆడ ఎస్సై అంటే ఆడవాళ్ళ కేసులకే అని గిరి గీస్తే, రేపు ప్రమోషన్ దగ్గర "ఈమెకి లా అండ్ ఆర్డర్ అనుభవం లేదు" అని వాళ్ళే అంటారు. అనుభవం ఇవ్వనిదీ మీరే, లేదనేదీ మీరే. ఎస్‌హెచ్‌ఓ పోస్టింగులు ఎవరి లెటర్ మీద పడతాయో ఊళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. ఆ లెటర్ కోసం రాత్రి పదింటికి ఎమ్మెల్యే ఇంటి వరండాలో నిలబడే పోటీలో ఒక ఆడ ఎస్సై ఎందుకు వెనకపడుతుందో విడమరిచి చెప్పాలా?

మహిళా ఠాణాలు పెడితే సరిపోతుంది కదా అనేవాళ్ళకి ఒక మాట. హర్యానాలో దీని మీద పరిశోధన చేసినవాళ్ళు తేల్చిందేంటంటే, మహిళా ఠాణా వచ్చాక మామూలు స్టేషన్ల వాళ్ళు "అక్కడికి పొండి" అని చేతులు దులుపుకోవడం ఎక్కువైంది. మా ఊరికి ఇది అచ్చంగా వర్తిస్తుంది. ధూళిమిట్ట నుంచి చేర్యాల మీదుగా సిద్దిపేటకి బస్సులో పోయి రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. మధ్యప్రదేశ్‌లో ఇంకో పని చేశారు. 180 స్టేషన్లు తీసుకుని, కొన్నిటిలో మామూలు ఠాణాలోనే మహిళా డెస్క్ పెట్టారు. ఆడవాళ్ళ కేసుల నమోదు పెరిగింది. ఎఫ్ఐఆర్‌ల వరకు చూస్తే, పెరిగింది ముఖ్యంగా డెస్క్ మహిళా అధికారుల చేతిలో ఉన్నచోట. 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది ఇది, నా సొంత కవిత్వం కాదు.

"ఆడవాళ్ళకి 800 మీటర్లే, మాకు 1600 పరుగు, ఇదెక్కడి న్యాయం" అనే తమ్ముళ్ళూ ఉన్నారు. బాబూ, ఠాణాలో రోజూ జరిగే పని వినడం, రాయడం, కేసు డైరీ, కోర్టు. దొంగ వెనక 1600 మీటర్లు పరిగెత్తిన ఇన్‌స్పెక్టర్‌ని ఒక్కడిని చూపించండి, పొట్టతో సహా. ఆడ పోలీసులందరూ దేవతలని కూడా నేననను. లాఠీ ఎవరి చేతిలో ఉన్నా లాఠీయే. నేను అడిగేది కరుణ కాదు, చట్టం రాసిన మనిషి కుర్చీలో ఉండడం.

దానికి పెద్ద కమిటీలేం అక్కర్లేదు. సబ్ డివిజన్‌కి ఒక మండల ఠాణా అయినా మహిళా ఎస్సై చేతిలో పెట్టండి, మార్చి 8 కోసం కాదు, రెండేళ్ళు కదపకుండా. ఏ స్టేషన్లో ఎంతమంది మహిళలు ఏ ర్యాంకులో ఉన్నారో కమిషనరేట్ గోడ మీద రాయండి. క్వార్టర్స్‌లో చంటిపిల్లల్ని చూసుకునే ఏర్పాటు చెయ్యండి. ఇంకా ముందు, కొమురవెల్లి మల్లన్న జాతరకి సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం బందోబస్తు వేస్తారు కదా, ఆ డ్యూటీకొచ్చిన అమ్మాయిలు పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఎందుకు నిలబడుతున్నారో ఎవరైనా ఆఫీసర్ వెళ్ళి అడగండి. ఒక మొబైల్ టాయిలెట్ వ్యాన్ ఎంతవుతుంది?