సెలవుల్లో ఆసు పోద్దామా!

పది రోజులు సెలవు దొరికితే ఏం చేస్తాం? ఊటీ వెళ్తాం. పూలతోటలో ఫొటోలు దిగుతాం. చాక్లెట్లూ నీలగిరి తైలమూ కొనుక్కుని తిరిగొస్తాం. నెల తిరిగేసరికి చాక్లెట్లు అయిపోతాయి, ఫొటోలు ఎక్కడున్నాయో గుర్తుండదు. కొందరు మాత్రం అవే సెలవుల్లో ఏదో ఒక విద్య నేర్చుకుని ఇంటికొస్తారు.

విదేశాల్లో ఇది పాత అలవాటే. ఇటలీలోని పెరూజియాలో పరదేశీయుల కోసమే ఓ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి కోర్సులకు 1921లోనే శ్రీకారం చుట్టారు. గ్వాటెమాలాలోని ఆంటిగ్వాలో స్పానిష్ క్లాసంటే ఒక గురువు, ఒక శిష్యుడు, మధ్యలో ఓ బల్ల. బస స్థానికుల ఇంట్లో. కూరలో ఉప్పు తగ్గినా ఆ సంగతి స్పానిష్‌లోనే చెప్పుకోవాలి! చియాంగ్‌మైలో వంట పాఠం సంతలో మొదలవుతుంది. ముందు నిమ్మగడ్డిని గుర్తుపట్టాలి, గరిటె ఆ తర్వాతే. టాంగో కావాలంటే బ్యూనస్ ఎయిరిస్, ఫ్లమెంకో అయితే సెవిల్.

మరి నేర్చుకుందామని మన దగ్గరికి ఎవరూ రారా? ఎందుకు రారూ! హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల కోసం 1998లో 'స్టడీ ఇన్ ఇండియా' మొదలుపెట్టింది. అదంతా క్యాంపస్ చదువు. చేతులకు రంగంటే చదువు కావాలంటే ఇంకాస్త దూరం వెళ్లాలి. పాత నల్గొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరిలోని పోచంపల్లికి.

పేరు పరదేశీ... పని మనదే

ఇక్కత్ అన్న మాట మనది కాదు. మలయ్, ఇండొనేషియా భాషల నుంచి వచ్చింది. కట్టడం అని అర్థం. జపాన్ వాళ్లు దీన్ని కసూరి అంటారు. పోచంపల్లి పెద్దవాళ్ల నోట మాత్రం 'చిటికి' అనే వినిపించేది. పడుగూ పేకా రెండింటికీ ముడులు కట్టి రంగులద్దే డబుల్ ఇక్కత్ ప్రపంచంలో చాలా కొద్దిచోట్లే ఉంది. బాలి ద్వీపంలోని టెంగనన్ అలాంటి ఊరే. గుజరాత్‌లోని పటాన్ మరొకటి. మన పుట్టపాక కూడా ఆ వరసలోదే. ఆ ఊరి నేతగాళ్లు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ నేసే తేలియా రుమాలుకు నూలును ఆముదం కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెడతారు. ఆ నూనె వాసన వల్లే ఆ పేరు. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చింది పోచంపల్లిలోనే. అప్పటి నుంచి అది భూదాన్ పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. డిజైన్ కాలేజీల పిల్లలు, విదేశీ టెక్స్‌టైల్ ప్రేమికులు ఒకట్రెండు రోజులు కూర్చుని పని నేర్చుకునేందుకు అంతకుముందు నుంచే వస్తున్నారు.

భుజం చెప్పే పాఠం

చేతిరుమాలంత గుడ్డకు ముడులు కట్టించి, రంగులో ముంచించి, 'మీరే చేశారు' అని చేతిలో పెడితే అతిథికి ఆనందమే. కానీ అసలు పాఠం ఆసు దగ్గర ఉంది. అర్ధచంద్రాకారపు చట్రానికి వరసగా మేకులుంటాయి. ఒక చివరనున్న మేకుకూ ఎదురుగా ఉన్న మేకులకూ మధ్య పేక దారాన్ని తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి అలా దాదాపు తొమ్మిది వేలసార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలైతే లెక్క మీరే వేసుకోండి. ఇళ్లలో ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. పదినిమిషాలు ఆసు పోసి చూస్తే చాలు, చీర ధర ఎక్కువని బేరమాడటానికి నోరు రాదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూసి చూసే ఆసు యంత్రం తయారీకి పూనుకున్నారు. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో సాధించారు. దానికి తల్లి పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. మరి యంత్రం ఉండగా అతిథి చేత్తో ఎందుకు పోయాలీ అంటారా? యంత్రం దేన్ని తప్పించిందో తెలియాలంటే చేత్తోనే పోయాలి.

ఆ తర్వాతిది ముడుల పని. గీత గీసిన చోటల్లా సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, రెండో రంగు కోసం మళ్లీ కట్టాలి. ముడి వదులైతే రంగు లోపలికి పాకుతుంది. దారం ఒక్క పోగు జరిగినా మగ్గం మీద పువ్వు చెదురుతుంది. మధ్యలో భాష కూడా వచ్చేస్తుంది. పడుగు, పేక, కండె, నాడె, అచ్చు... బడిలో ఇంగ్లిషే చదివిన మన పిల్లలకూ ఈ మాటలు కొత్తే కదా!

కూలి గిట్టేదెవరికి?

ఇక్కడే ఓ చిక్కుంది. అతిథి మగ్గం మీద కూర్చున్న పూట ఆ ఇంటి నేత ఆగిపోతుంది. చీర దిగితేనే కూలి చేతికొచ్చే ఇల్లది. కొత్త చెయ్యి పడి నాలుగు వరసలు చెడితే అవి విప్పుకోవాల్సిందీ వాళ్లే. రుసుము ఎంతైనా కట్టండి, అందులో మగ్గం యజమానికి ఎంత, తీసుకొచ్చినవాళ్లకు ఎంత అని ముందే అడగడంలో తప్పులేదు. ఫొటోల సంగతీ అంతే. పోచంపల్లి డిజైన్లను మిల్లు గుడ్డ మీద అచ్చేసి చవగ్గా అమ్మేస్తున్నారన్నది నేతగాళ్ల పాత గోడు. నేయని కొత్త డిజైన్‌ను అడక్కుండా సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకోకపోవడం మర్యాద. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు ఉత్సాహంగా నేర్చుకుంటుంటే, ఆ ఇంటి కుర్రాడు కూలి చాలక హైదరాబాద్ బస్సెక్కడం మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది.

నేర్చుకోవడానికి ఊరు దాటి వెళ్లడం నేతగాళ్లకూ కొత్తేం కాదు. గద్వాల సంస్థానంలో జరీ పని నేర్చుకు రమ్మని ఇక్కడివాళ్లను కాశీకి పంపారని చెబుతారు. గద్వాల చీర గమ్మత్తే వేరు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ కలిపే పని దగ్గర కూర్చుని చూడాల్సిందే. నారాయణపేట నేతకు మరాఠా మూలాలున్నాయంటారు. ఆ అంచులు చూస్తే నమ్మబుద్ధవుతుంది.

వెళ్లేవాళ్లు వానాకాలం వద్దనుకోండి. గుంట మగ్గాల్లో చెమ్మ చేరుతుంది, రంగులు తొందరగా ఆరవు. దసరా ముందు వెళ్తే బతుకమ్మ ఉంటుంది. అప్పుడు డాన్స్ క్లాసు ఉచితం. ఆడపడుచుల వలయంలో ఖాళీ చూసుకుని చప్పట్లు కలపడమే! మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు దొరికితే వదలొద్దు. తపాలచెక్క ఎలా చేస్తారో అడగండి, వంట పాఠమూ అయిపోతుంది.

హైదరాబాద్ నుంచి పోచంపల్లికి బస్సులున్నాయి. నలభై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పుట్టపాకకు విజయవాడ హైవే మీద చౌటుప్పల్ మీదుగా వెళ్లొచ్చు. కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైళ్లు గద్వాలలో ఆగుతాయి. రంగు అంటుకున్నా ఫర్వాలేదనుకునే పాత బట్టలు ఒక జత పెట్టుకోండి.