పత్తర్‌గట్టి బ్రాంచి కోడు ఏది?



ఈ నెల "గృహనిర్వాహకత్వము" శీర్షికకు ఒక సహోదరి ఉత్తరము వ్రాసినారు. ఆమె పల్లెలో చీరలు, డ్రెస్సు గుడ్డలు మూటగట్టుకొని ఇల్లిల్లు తిరిగి అమ్ముకొంటారు. సరుకు హైదరాబాదు పాతబస్తీలోని పత్తర్‌గట్టి నుండి వస్తుంది. క్రిస్మసు సరుకు కొరకు దుకాణమునకు ముప్పై వేలు పంపవలెను. అది పొదుపు సంఘములో తీసికొన్న అప్పు. దుకాణము వారి పాత బిల్లు మీద బ్యాంకు కోడు ఎస్‌.బి.హెచ్‌.వై. అని మొదలవుతున్నది. "ఈ కోడు పనిచేస్తుందా అయ్యగారూ? తప్పయితే డబ్బు ఏమవుతుంది?" అని అడిగినారు.

అమ్మా, ఆ కోడు వాడవద్దు. అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కోడు. నిజాం కాలమున 1941లో చట్టము ద్వారా ఏర్పడి, 1942 ఏప్రిల్ 5న పని ప్రారంభించిన ఆ బ్యాంకు, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయినది. ఇప్పుడు ఆ శాఖల కోడు ఎస్‌.బి.ఐ.ఎన్‌. అని మొదలవుతుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కూడ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసినది. మన కుటుంబములలో ఎన్ని పాత పాసుపుస్తకములు ఇంకా ట్రంకుపెట్టెలలో ఉన్నవో! మొదటి నాలుగు అక్షరములు మార్చి వ్రాసికొంటే చాలదా అని కొందరంటారు. చాలదు. ఆంధ్రా బ్యాంకు శాఖలకు వెనుక అంకెలు కూడ మారినవి.

ఐ.ఎఫ్‌.ఎస్‌.సి. అనే ఈ కోడులో పదకొండు స్థానములుంటవి. మొదటి నాలుగు అక్షరములు బ్యాంకును తెలుపును. అయిదవది ఎప్పుడును సున్నాయే. చివరి ఆరు శాఖను తెలుపును. ఆ సున్నాను ఇంగ్లీషు 'ఓ' అక్షరమనుకొని వ్రాసేవారు చాలామంది. న్యాయాధిపతులు 12వ అధ్యాయములో యొర్దాను రేవుల దగ్గర "షిబ్బోలెతు" అనలేక "సిబ్బోలెతు" అన్నవారి సంగతి మీకు తెలుసు. బ్యాంకు యంత్రము కూడ ఒక్క అక్షరము దగ్గర అంత ఖచ్చితముగా ఉంటుంది. చెక్కు అడుగున కనబడే తొమ్మిది అంకెల ఎం.ఐ.సి.ఆర్‌. కోడు వేరు. అది చెక్కులను వేరుచేయుటకే. హైదరాబాదు శాఖలకు అది పిన్‌కోడు వలె 500తో మొదలవుతుంది. డబ్బు పంపే ఫారములో దానిని వ్రాయకూడదు.

సరియైన కోడు ఎక్కడ దొరుకును? దుకాణదారుని కొత్త చెక్కు మీద, కొత్త పాసుపుస్తకము మొదటి పేజీలో. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోను శాఖల పట్టిక ఉన్నది. అక్కడ వెదకుటలో ఒక చిక్కున్నది. పత్తర్‌గట్టి అంటే చార్మినారు నుండి మదీనా వైపు సాగే రాతి దుకాణముల వరుస. ముత్యాలు, అత్తరు, బట్టలు అమ్మే చోటు. ఆ పేరును ఇంగ్లీషులో ఒకరు 'హెచ్‌' చేర్చి, ఒకరు చేర్చక, ఒకరు 'ఏ'తో, ఒకరు 'ఇ'తో వ్రాస్తారు. ఒక విధముగా దొరకకపోతే శాఖ లేదనుకొనవద్దు. దుకాణము పత్తర్‌గట్టిలో ఉన్నా, ఖాతా చార్మినారు శాఖలోనో మరెక్కడనో ఉండవచ్చును. కనుక ఊరిపేరును బట్టి ఊహించుట కంటె దుకాణదారుని అడుగుటే మేలు. ఇంటర్నెట్టులో కనబడిన ఏదో "కస్టమర్ కేర్" నంబరుకు మాత్రము ఫోను చేయవద్దు. బ్రాంచి కోడు చెప్పుటకు ఎవరికిని మీ పిన్ నంబరు, ఓటీపీ అవసరము లేదు.

ఇక మీ రెండవ ప్రశ్న. కోడు అదే బ్యాంకులోని వేరే శాఖదైతే, ఖాతా నంబరు సరిగా ఉంటే సాధారణముగా సొమ్ము చేరుతుంది. వేరే బ్యాంకుదై, అక్కడ ఆ ఖాతా నంబరే లేకపోతే తిరిగి వస్తుంది. నిజమైన ప్రమాదము ఖాతా నంబరులో ఉన్నది. పేరు సరిపోయినదా అని చూడక, ఖాతా నంబరును బట్టియే జమచేయవచ్చునని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పినది. ఒక అంకె తప్పి, ఆ నంబరు మరొకరిదైతే, వారు ఒప్పుకొంటేనే తిరిగి వచ్చును. అప్పు తెచ్చిన సొమ్మునకు ఇది చిన్న సంగతి కాదు. అయితే పంపకముందే ఖాతాదారుని పేరు చూచుకొనే వీలు 2025 ఏప్రిల్ నాటికి కల్పించవలెనని బ్యాంకులను అదే రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ పేరు చూపించమని కౌంటరులో అడగండి, సిగ్గుపడవద్దు.

పండుగ రద్దీకి ముందే దుకాణదారుని చేత రద్దుచేసిన చెక్కు ఫోటో తెప్పించుకొనండి. మొదట వంద రూపాయలు పంపి, అందినవని ఆయన చెప్పిన తరువాతనే మిగిలినవి పంపండి. బ్యాంకు ఇచ్చే యు.టి.ఆర్‌. నంబరు వ్రాసి ఉంచుకొనండి. పొరపాటు జరిగితే ఆ నంబరుతో అదే రోజు మీ శాఖలోనే వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇవ్వవలెను. దుకాణము నుండి రసీదు వచ్చువరకు కౌంటర్‌ఫాయిలు పారవేయవద్దు.