ఎంత ఉంది? ఎన్ని నెలలకు సరిపోతుంది?



చిన్న సేవాసంస్థ వార్షిక సమావేశంలో కోశాధికారి లేచి, "బ్యాంకులో ఆరు లక్షలున్నాయి" అని ప్రకటిస్తే సభ్యులందరూ సంతృప్తితో ఇళ్లకు వెళ్తారు. కాని ఆ ఒక్క అంకె సంస్థ స్థితిని తెలుపదు. సాయంకాల పాఠశాలలో బోధించే ఉపాధ్యాయురాలికి ఏడాది పొడవునా జీతం అందుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సంస్థ వద్ద వరుసగా మూడు సంవత్సరాల చివర 4,00,000, 5,00,000, 6,00,000 రూపాయలు ఉన్నాయనుకోండి. అందులో జకాత్‌గాను, ఉపకార వేతనాలకు, భవన నిర్మాణానికి దాతలు ప్రత్యేకించి ఇచ్చినది 1,60,000, 2,75,000, 4,00,000. అది అమానతు, అద్దెకు, జీతాలకు మళ్లించరానిది. దానిని తీసివేస్తే మిగిలేది 2,40,000, 2,25,000, 2,00,000 మాత్రమే. ఈలోగా నెలసరి ఖర్చు 40,000 నుండి 45,000కు, ఆపై 50,000కు పెరిగింది. అంటే ఆరు నెలలకు సరిపడే నిల్వ ఐదు నెలలకు, తర్వాత నాలుగు నెలలకు తగ్గింది. పాస్‌బుక్కులో అంకె పెరిగింది. సంస్థ ఓపిక తరిగింది.

తేదీల వల్ల కూడా పొరపాటు జరుగుతుంది. అనేక సంస్థలకు విరాళాలు ఎక్కువగా రమజాన్‌లో, అందునా చివరి పది రోజులలో అందుతాయి. రమజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. లెక్కల సంవత్సరం మాత్రం మార్చి 31నే ముగుస్తుంది. 2024లో మన ప్రాంతంలో ఆ చివరి పది రోజులు ఏప్రిల్ 1 నుండి 10 వరకు వచ్చాయి. 2025లో రమజాన్ మార్చిలోనే పూర్తయి, 31న పండుగ జరిగింది. అందువల్ల 2024-25 లెక్కలలో రెండు రమజాన్‌ల చివరి పది రోజుల విరాళాలు చేరాయి. దానిని చూసి రాబడి పెరిగిందని భావించి కొత్త ఖర్చులు నెత్తిన వేసుకుంటే, మరుసటి ఏడాది ఒక్క రమజాన్ రాబడితోనే వాటిని భరించవలసి వస్తుంది.

కనుక సోదర సోదరీమణులారా! మూడు నెలలకోసారి ఒక కాగితంపై నాలుగు అంకెలు వ్రాయించండి: మొత్తం నిల్వ, అందులో ప్రత్యేకించిన సొమ్ము, సగటు నెలసరి ఖర్చు, మిగిలినది ఎన్ని నెలలకు సరిపోతుంది. రాబడిని రమజాన్ నుండి రమజాన్‌కు పోల్చండి. పాత కాగితాలను భద్రపరచండి. వరుసగా పరిచి చూస్తే దారి ఎటు పోతున్నదో తెలుస్తుంది.

ఇలా అడగడం కోశాధికారిని శంకించడం కాదు, ఆయన భారాన్ని పంచుకోవడం. నిల్వ నాలుగు నెలలకు దిగినప్పుడే తెలిస్తే చందాదారులను కూడగట్టుకునే వ్యవధి ఉంటుంది. నెల రోజులకు దిగాక తెలిస్తే, ముందుగా ఆగేది ఆ ఉపాధ్యాయురాలి జీతమే.