ఎలుకను పరుగెత్తిస్తే మనకు తెలిసేదేమిటి?

వ్యాయామ శాస్త్రం పేరిట ఎలుకను ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు. అలసి వెనకబడితే, చాలా ప్రయోగశాలల్లో, బెల్టు చివరనున్న కడ్డీలు దానికి కరెంటు షాక్ కొడతాయి. వారాల తరబడి అలా ఉరికించి, చివరికి చంపి, కండరం కోసి చూస్తారు. దీన్ని వ్యాయామం అనడమే నాకు అభ్యంతరం.

"తప్పదు, మనిషిని కోయలేం కదా" అంటారు. కోయకుండానే ఎంత తెలిసిందో చూడండి. 1953లో జెర్రీ మోరిస్ లండన్ డబుల్ డెకర్ బస్సుల సిబ్బందిని లెక్కగట్టాడు. కూర్చుని నడిపే డ్రైవర్లకంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. 1966లో స్వీడన్ వైద్యులు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒకే సైకిల్‌ను చెరోవైపు కూర్చుని ఒంటికాలితో తొక్కారు. తమ తొడల్లోంచే సూదితో కండరం తీసి పరీక్షించారు. మరుసటి ఏడాది అమెరికాలో హొలోజీ, శిక్షణతో కండరంలో మైటోకాండ్రియా పెరుగుతుందని ఎలుకలపై చూపాడు. గొప్ప ఫలితమే, కాదనను. కానీ ఆ సూది అప్పటికే ఉంది.

పైగా పోలిక కోసం ఉంచిన ఎలుక ఆరోగ్యంగా ఉందా? కదలిక లేక, తిండి ఎప్పుడూ ముందుంచుకుని బతికే ప్రయోగశాల ఎలుకలు రోగిష్టివేనని అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ శాస్త్రవేత్తలే 2010లో రాశారు. పంజరం తెచ్చిన జబ్బు పరుగుతో కాస్త తగ్గితే, అది మనకు పాఠమట!

మా సూరత్ సలాబత్‌పురా బట్టల మార్కెట్‌కు రండి. గద్దె మీద సేఠ్ లెక్కలు చూస్తుంటాడు, మూట మోసే అన్న మెట్లెక్కుతుంటాడు. మోరిస్ అడిగిన ప్రశ్నే ఇది. కానీ కండక్టర్‌కు దక్కిన మేలు ఈ అన్నకు దక్కుతోందా? కోపెన్‌హాగన్‌లో లక్షమందికి పైగా పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తీరికవేళ వ్యాయామం చేసేవారికి గుండెపోటు ముప్పు తక్కువ, బరువుపని చేసేవారికి ఎక్కువ. ఎందుకు? విశ్రాంతి ఎంత, కూలి ఎంత, అప్పు ఎంత? ఏ ఎలుక చెబుతుంది? అన్ననే అడగాలి. ఒప్పుకుంటే గుండె వేగం లెక్కించే పట్టీ కట్టాలి, వద్దంటే వదిలేయాలి. ఎలుకకు వద్దనే వీల్లేదు.

ఇక్కడి గిర్నార్‌లోనూ మన ఎర్రగుడిలోనూ ఉన్న అశోకుని రెండో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానంటుంది. ఒకరి వైద్యానికి మరొకరిని బలిపెట్టమనలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా సాధ్యమైనచోటల్లా జంతు ప్రయోగాలు మానాలనే చెబుతోంది. అందుకే పరుగు ప్రయోగానికి అనుమతి కోరి వచ్చే ప్రతి దరఖాస్తునూ నైతిక కమిటీలు ముందుగా ఒకటే అడగాలి: ఇష్టపడి పరుగెత్తే మనుషులతో ఇది ఎందుకు కాదు?